విచారణ గుడి, పక్కన హాలు: ఎవరు చూసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

కొన్నేళ్ల కిందట అక్టోబరులో ఒక ఆదివారం. మా కతోలిక విచారణ (పారిష్, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే క్రైస్తవ సంఘం) గుడిలో పూజ జరుగుతోంది, బైబిలు రెండో పఠనం నడుస్తోంది. ఆడవాళ్లు కూర్చునే వైపు చాప మీద నీళ్ల చుక్క పడింది. ఒకావిడ పక్కకు జరిగారు. కాసేపటికి అక్కడా ఇంకో చుక్క. పూజ అయ్యేలోపు ఉపదేశి గారు (ఫాదర్ గారికి సాయంగా ఉండే బోధకుడు) రెండు బకెట్లు తెచ్చి పెట్టారు. అదే గుడిలో, అదే ఏడాది ఈస్టరుకి, బలిపీఠం చుట్టూ గ్రానైటు పరిపించి, దాత పేరు చెక్కిన రాయి గోడకు పెట్టి ఎంతో సంతోషపడ్డాం. నేను అప్పుడు విచారణ ఆర్థిక సంఘంలో ఉన్నాను. ఆ గ్రానైటుకి సరే అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

స్లాబు కారుతున్న సంగతి మాకు అంతకు రెండేళ్ల ముందే తెలుసు. డబ్బు బొత్తిగా లేదని కూడా కాదు. మరి పైకప్పు కన్నా నేల ముందెందుకు బాగైంది? ఈ ప్రశ్న పట్టుకుని నేను చాలా తిరిగాను. ఫాదర్లను అడిగాను, ఇంజనీర్లను అడిగాను, శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం చదివాను. తెలుగునాట మా ఒక్క ఊళ్లోనే కాదు, చాలా విచారణల్లో ఇదే కథ అని తెలిసింది. గుడి కట్టడానికి అందరూ కలుస్తారు. కట్టిన గుడిని చూసుకోవడం ఎవరి పని అన్న దగ్గర ముడి పడుతుంది. ఆ ముడిలో చట్టం ఉంది, మనుషుల అలవాట్లు ఉన్నాయి, అన్నిటికన్నా ఎక్కువగా నీళ్లున్నాయి.

గుడి ఎవరిది?

"గుడి మనందరిది" అంటాం. విశ్వాసం మాటగా అది నిజమే. రిపేరు కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ జవాబు సరిపోదు.

1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం, సక్రమంగా ఏర్పడిన ప్రతి విచారణకూ చట్టం దృష్టిలో సొంత ఉనికి ఉంటుంది. వ్యవహారాల్లో దాని తరఫున నిలబడేది విచారణ గురువు. అంటే ఆస్తి ఫాదర్ గారిది కాదు, ఆయన దాన్ని చూసుకునే వ్యక్తి మాత్రమే. ప్రతి విచారణలోనూ ఆర్థిక సంఘం తప్పనిసరిగా ఉండాలని 537వ నిబంధన చెబుతుంది. విచారణ కౌన్సిల్ సంగతి వేరు. మేత్రాణులు (బిషప్పు) అవసరం అనుకుంటే అది ఏర్పడుతుంది, సలహా చెప్పడం వరకే దాని పని. ఈ తేడా తెలియక మన ఊళ్లలో చాలా గొడవలు జరుగుతాయి. కౌన్సిల్లో చేతులెత్తి తీర్మానం చేశాం కదా, ఫాదర్ గారు ఎందుకు చెయ్యరు అని పెద్దలు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, కానీ ఆ తీర్మానం ఆయన్ని కట్టిపడేసే ఉత్తర్వు కాదు.

దీని మీద దేశ చట్టం ఇంకో పొర. స్థలం రిజిస్ట్రేషన్ కాగితాలు తెరిచి చూస్తే సాధారణంగా విచారణ పేరు కనిపించదు. మేత్రాసనం (బిషప్పు పాలన కింది ప్రాంతం, డయాసిస్) తరఫున నమోదైన సొసైటీ పేరో, ట్రస్టు పేరో ఉంటుంది. అందుకే పంచాయతీకో మున్సిపాలిటీకో ప్లాన్ అనుమతి కోసం వెళ్లినప్పుడు మేత్రాసనం నుంచి కాగితం అడుగుతారు. పాత ఊళ్లలో ఎవరో పెద్దమనిషి నోటిమాటగా ఇచ్చిన స్థలంలో గుళ్లు ఉన్నాయి. వాటికి హద్దులు కొలిపించి కాగితాలు సరిచేసుకోవడమే మొదటి రిపేరు అని నా అభిప్రాయం. పక్క స్థలం వాళ్లతో తగాదా వచ్చాక సర్వేయరును పిలిస్తే పని చాలా కష్టమవుతుంది.

రోజువారీ ఖర్చులకు మించిన పని ఏదైనా చేయాలంటే పైనుంచి రాతపూర్వక అనుమతి కావాలి. అది లేకుండా చేసుకున్న ఒప్పందం శ్రీసభ చట్టం ప్రకారం చెల్లదు. ఎంత మించితే అనుమతి తీసుకోవాలో మేత్రాసనం నిర్ణయిస్తుంది. కొత్త గుడి కట్టాలంటే మేత్రాణుల స్పష్టమైన లిఖిత అంగీకారం ఉండి తీరాలి. ఆ అంగీకారం ఇచ్చేముందు, కట్టడానికీ, తర్వాత అక్కడ ఆరాధన జరగడానికీ సరిపడా వనరులున్నాయా అని ఆయన చూడాలి. ఆ రెండో మాట నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. చట్టం రాసినవాళ్లు కట్టే రోజు దగ్గరే ఆగకుండా ఆ తర్వాతి సంవత్సరాల గురించి కూడా ఆలోచించారు.

ఇక మా గ్రానైటు సంగతి. ఒక ప్రత్యేకమైన పనికని ఎవరైనా కానుక ఇస్తే ఆ డబ్బును ఆ పనికే వాడాలి. ఇది 1267వ నిబంధన. పీఠం దగ్గర నేలకని ఇచ్చిన సొమ్ముతో స్లాబు బాగు చేయించడం కుదరదు. ఆ దాత ఎంతో భక్తితో ఇచ్చారు. తల్లి పేరు మీద కంటికి కనిపించేది ఏదైనా చేయించాలని ఆయన కోరిక. కానుక తీసుకునేముందు మేము ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్లి, పగిలిన చోటు చూపించి, "అమ్మగారి పేరు మీద ఇది చేయిద్దామా బాబూ" అని అడగలేదు. అడిగితే కాదనేవారు కాదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. దాతకు ఆ అవకాశం ఇవ్వకపోవడం మా పొరపాటు.

ఫాదర్ గారి పరిస్థితి కూడా అర్థం చేసుకోవాలి. కొన్నేళ్లకు ఆయన ఇంకో విచారణకు మారిపోతారు. ఉన్నన్నాళ్లలో ఒక మరియమాత గుహో, ఒక టవరో, ఒక హాలో పూర్తి చేస్తే ఆయన కాలంలో జరిగిందని జనం గుర్తుపెట్టుకుంటారు. తూములు శుభ్రం చేయించిన ఫాదర్ గారిని ఎవరూ శాలువా కప్పి పొగడరు. కాబట్టి కట్టడం సంగతి గుర్తుంచుకోవాల్సింది అక్కడే పుట్టి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే సమాధి అయ్యే విచారణ జనం. ఆర్థిక సంఘం అసలు ఉపయోగం అదే.

నీళ్ల దారి

గుడికి వచ్చే జబ్బుల్లో చాలావరకు నీళ్లతోనే మొదలవుతాయి. పైనుంచి వాన, కింద నుంచి చెమ్మ, పక్క నుంచి జల్లు. ఒక తాపీ మేస్త్రీ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "కింద ఎంత పూసినా నిలవదండి. పైన నీళ్లు ఆగుతున్నాయి, ముందు అది చూడండి."

స్లాబు పెచ్చులు ఊడటం ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ మాట ఎంత నిజమో అర్థమవుతుంది. కాంక్రీటుకు సహజంగా క్షార గుణం ఉంటుంది. ఆ గుణమే లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. సముద్రం దగ్గరైతే గాలిలోని ఉప్పు ఆ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. దానికి నీళ్లు తోడైతే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, రెట్టింపు పైనే కావాలి. లోపల ఆ చోటు లేక అది కాంక్రీటును కిందికి తోసేస్తుంది. పూజ జరుగుతుండగా మన నెత్తిన పడే పెచ్చు వెనక ఇన్నేళ్ల కథ ఉంటుంది.

చువ్వ మీద కాంక్రీటు ఎంత మందం ఉండాలో భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మామూలు పొడి వాతావరణంలో 20 మిల్లీమీటర్లు, తీర ప్రాంతంలో 45 మిల్లీమీటర్లు. నరసాపురం, మచిలీపట్నం, భీమిలి వైపు కట్టే గుడికి, లోతట్టు ఊళ్లో కట్టినట్టే చువ్వలు కట్టేస్తే ఆ గుడి ఆయుష్షు మనమే తగ్గించినట్టు. కాంక్రీటు పోసే రోజు ఆశీర్వాద ప్రార్థనతో పాటు, చువ్వల కింద కవర్ బిళ్లలు (చువ్వను ఎత్తి పట్టే చిన్న సిమెంటు ముక్కలు) పెట్టారో లేదో ఒకరు వంగి చూడాలి.

పెచ్చులు ఊడిన చోట సిమెంటు రాసి రంగు వేయించడం రిపేరు కాదు. లోపల తుప్పు అలాగే ఉంటుంది, రెండు వానాకాలాలకు మళ్లీ ఊడుతుంది. వదులైన కాంక్రీటంతా కొట్టేయాలి. చువ్వను మెరిసేదాకా గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మాల్‌తో నింపాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే కొత్త చువ్వ జోడించాలి. సుత్తితో మెల్లగా కొట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చే చోట్లు తెలుస్తాయి. స్లాబు ఎక్కువ భాగంలో అలా వినిపిస్తే మాత్రం మేస్త్రీ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఆయన ఫీజు చూసి వెనక్కి తగ్గకండి. వందల మంది కూర్చునే కప్పు అది.

పాత గుళ్ల సంగతి పూర్తిగా వేరు. ఫిరంగిపురంలో మిల్‌హిల్ సంఘపు మిషనరీ గురువులు కట్టిన బాలయేసు దేవాలయం, సికింద్రాబాదులో 1850 నాటి సెయింట్ మేరీస్, హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కథీడ్రల్ సిమెంటు కాలానికి ముందువి. అలాంటి పాత కట్టడాలకు గోడలు మందం, ఇటుకకో రాయికో మధ్య గానుగ సున్నం. తెలంగాణలో దీన్నే డంగు సున్నం అంటారు. ఈ గోడ తేమను కొంత తీసుకుంటుంది, ఎండ కాయగానే బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేసి, పైన ప్లాస్టిక్ పెయింటు కొడితే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే తిరిగి తిరిగి ఉప్పు పొంగుతుంది, ఇటుక ముఖం పొడిపొడిగా రాలుతుంది. సిమెంటు గట్టిది కదా అని దేవుడి ఇంటికి గట్టి సరుకు వాడాలనుకుంటాం. పాత గోడకు మాత్రం తనకన్నా గట్టి పూత పడదు. సున్నం పనికి సున్నమే వాడాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. దొరికినప్పుడు మన కుర్రాళ్లను ఇద్దరిని వాళ్ల దగ్గర పెట్టి నేర్పించుకోవడం మంచిది.

పిట్టగోడ మీద, గంట గోపురం పగుళ్లలో మొలిచే రావి మొక్కను కూడా చిన్నగా చూడకూడదు. పిట్టలు వేసిన గింజ అది. పైన ఆకులు తుంచితే ఊరుకోదు, వేరు లోపలికి వెళ్లి గోడను చీలుస్తుంది. రెండాకులున్నప్పుడే వేరుతో సహా తీసి ఆ పగులు పూడ్చాలి. అలాగే మేడ మీద తూములు. పావురాల రెట్ట, ఎండుటాకులు, క్రిస్మస్ నక్షత్రం కట్టి వదిలేసిన తీగముక్కలు అందులో చేరతాయి. నీళ్లు పోక స్లాబు మీద నిలుస్తాయి. జూన్ మొదటి వారంలో యూత్ పిల్లలు ఒక పూట పనిచేస్తే తీరిపోయే పని ఇది. మా స్లాబు కారడానికి మొదటి కారణం, మూసుకుపోయిన రెండు తూములే.

కింది నుంచి వచ్చే చెమ్మకు ఈ మధ్య కొత్త కారణం తోడైంది. ఊళ్లో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతోంది. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి గుడిలోకి వెళ్లేవాళ్లం, ఇప్పుడు కొన్ని చోట్ల రోడ్డు మీది నీళ్లు నేరుగా గుమ్మంలోకి వస్తున్నాయి. రోడ్డు వేసే ముందే పంచాయతీ వాళ్లతో మాట్లాడి, కాలువ ఎటు తీయాలో చూపించాలి. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడిలో ఇంకో ఇబ్బంది. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. పునాది లోతు తక్కువైతే ప్రతి వేసవికీ కిటికీ మూలల్లో ఏటవాలు పగుళ్లు కనిపిస్తాయి. గోడ చుట్టూ వెడల్పుగా సిమెంటు చప్టా వేసి, నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు పెడితే నేలలో తేమ మరీ మారకుండా ఉంటుంది. పగుళ్లు పూడ్చడం ఆ తర్వాత.

రంగుల సంగతి ఒకటి చెప్పాలి. మనకు గుడి రంగులంటే క్రిస్మస్ గుర్తొస్తుంది. ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) మొదలవగానే పెయింటర్లు దిగుతారు. కోస్తాలోనూ నెల్లూరు వైపూ అక్టోబరు, నవంబరు ఈశాన్య రుతుపవనాల కాలం. గోడ అప్పుడు నిండా నీళ్లు తాగి ఉంటుంది. ఆ తడి గోడ మీద వేసిన రంగు ఈస్టరు దాకా బాగుంటుంది, మే నెలలో బుడగలు కట్టి పొట్టులా లేస్తుంది. అందుకని గోడ రిపేరూ స్లాబు పనీ ఏప్రిల్, మే నెలల్లో చేసి, రంగులు కూడా అప్పుడే వేయించి, క్రిస్మస్‌కు కడగడం, తోరణాలు కట్టడం వరకే ఉంచుకోవాలి. మా పెద్దలకు ఈ మాట ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. పండక్కి కొత్త రంగు లేకపోతే ఎలా అన్న బాధ నాకూ తెలుసు.

లోపల ఏది ముట్టుకోవచ్చు

పీఠం దగ్గర మార్పులు చేయాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది. అక్కడ కొంచెం ఆగాలి. ఆశీర్వదించి ప్రతిష్ఠించిన బలిపీఠం ఇంట్లో మార్చేసుకునే బల్ల లాంటిది కాదు. పాత స్థిర పీఠాల కింద పునీతుల అవశేషాలు ఉండవచ్చు. పాలరాయి పని చేసే కాంట్రాక్టరుకు ఆ సంగతి తెలియదు, చెప్పాల్సింది మనమే. దివ్యసత్ప్రసాదం (పూజలో ప్రతిష్ఠించిన అప్పం) ఉంచే మందసం కదలకుండా, గట్టి సరుకుతో, లోపల ఉన్నది బయటికి కనిపించకుండా, తాళం వేసి ఉండాలని చట్టం చెబుతుంది. అందంగా ఉంటుందని గాజు తలుపు పెట్టించడం తగదు. ఏళ్ల తరబడి జనం మొక్కుకుంటున్న విలువైన పాత స్వరూపాలకు (విగ్రహాలకు) రంగు వేయించాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. పాత చెక్క స్వరూపాల మీద ఎనామిల్ పెయింటు కొట్టి, ఆ ముఖాల్లోని సున్నితత్వం పోగొట్టుకున్న చోట్లు నేను చూశాను. వందేళ్లనాటి పని ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి విడుదల చేసిన పత్రం, పవిత్ర కళలో ఆడంబరం కన్నా హుందా అయిన అందాన్ని కోరుకోవాలని చెప్పింది. తళతళలాడే టైల్స్, రంగురంగుల ఎల్ఈడీ పట్టీలు పీఠం వెనక పెట్టేముందు ఆ మాట ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

టైల్స్‌తో ఇంకో చిక్కు ఉంది. మాట సరిగా వినపడదు. నున్నటి టైల్సు, గాజు, ఖాళీ స్లాబు శబ్దాన్ని వెనక్కి కొడతాయి. ప్రసంగం గోలగోలగా ఉందని సౌండ్ పెంచుతాం, గోల ఇంకా పెరుగుతుంది. ముందు రెండు పెద్ద బాక్సులు పెట్టేకన్నా, రెండు వైపులా స్తంభాలకు చిన్న కాలమ్ స్పీకర్లు నాలుగైదు పెట్టి, తక్కువ సౌండుతో జనానికి దగ్గరగా వినిపించడం మేలు. వెనక గోడకు మందమైన గుడ్డ తెరలు వేసినా తేడా తెలుస్తుంది.

వైరింగు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. పాత ఫ్యాన్ల లైన్ల మీదే కొత్త ఫ్యాన్లు, సౌండు సెట్టు, సీరియల్ లైట్లు వేస్తాం. క్రిస్మస్‌కు కట్టే పశువుల పాకకు వాడేది ఎండుగడ్డి, దాని పక్కనే కొవ్వొత్తి, ప్లగ్గు లేకుండా సాకెట్లో గుచ్చిన వైర్లు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించి, ఎర్తింగు సరిగా ఉందో లేదో ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాలి. తిరునాళ్లకు తేరు ఊరేగింపు వెళ్లే దారిలో కరెంటు తీగల ఎత్తు ముందు రోజే చూసుకోవాలి. తేరు పైన శిలువతో సహా కొలవాలి.

ఎండల సంగతి కూడా చెప్పాలి. పాత గుళ్లలో పైన గాలి కిటికీలు ఎందుకు పెట్టారంటే వేడిగాలి పైకి లేచి బయటికి పోవడానికి. పావురాలు వస్తున్నాయని వాటిని మూసేసి, కింద ఏసీ గురించి ఆలోచిస్తున్నాం. వాటికి వల బిగిస్తే చాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్ల పూత కప్పు మీద వేయడం అందులో ముఖ్యమైన పని. వాటర్‌ప్రూఫింగ్ చేయించేటప్పుడే పైపూత తెల్లగా ఉండేలా చూస్తే రెండు పనులూ ఒకే ఖర్చులో అవుతాయి.

ఇక మెట్లు. మోకాళ్ల నొప్పులతో పూజకు రావడం మానేసిన పెద్దవాళ్లు ప్రతి విచారణలోనూ ఉన్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ర్యాంపుకు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు అన్నది లెక్క. మూడు మెట్లు కలిపి అడుగున్నర ఎత్తయితే ర్యాంపు 18 అడుగులు ఉండాలి. ఆరడుగుల్లో నిట్టనిలువుగా కట్టిన ర్యాంపు మీద చక్రాల కుర్చీ ఎక్కదు. పేరుకు కట్టినట్టు ఉంటుంది, అంతే.

హాలు ఎందుకు వేరుగా ఉండాలి

గుడి పవిత్ర స్థలం. ఆరాధనకు, భక్తికి తోడ్పడేవి మాత్రమే అక్కడ జరగాలని 1210వ నిబంధన చెబుతుంది. పక్కన కట్టే హాలు శ్రీసభ ఆస్తే కానీ ఆ అర్థంలో పవిత్ర స్థలం కాదు. అందుకే విందులు, మీటింగులు, పిల్లల జ్ఞానోపదేశం, సాయంత్రం ట్యూషన్లు, వైద్య శిబిరాలు అక్కడ జరుగుతాయి. చావు ఇంటికి దూరం నుంచి వచ్చిన బంధువులు రాత్రి నడుం వాల్చేదీ, తుపాను రాత్రి రేకుల ఇళ్లవాళ్లు పిల్లల్ని తీసుకుని వచ్చేదీ అక్కడికే. కులం, మతం అడగకుండా ఊళ్లో అందరూ వాడుకోగలిగిన కట్టడం అది. గుడి కన్నా హాలు ముఖ్యం అనను కానీ, ఊరికి మన విశ్వాసం కనిపించేది చాలాసార్లు ఆ హాల్లోనే.

హాలు బాగు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని నన్నడిగితే మరుగుదొడ్ల దగ్గర అంటాను. పండగ రోజు ఉప కేంద్రాల (విచారణ కింద చుట్టుపక్కల ఊళ్లలో ఉండే చిన్న గుళ్ల) నుంచి ఆటోల్లో ఉదయమే వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం దాకా ఉంటారు. వాళ్లకు తలుపు, గడియ, నీళ్లు, లైటు ఉన్న మరుగుదొడ్డి లేని చోట స్టేజీకి టైల్స్ వేయడం న్యాయం కాదు. దాని తర్వాత వంట చోటు. పొగ పోయే దారి, గ్యాస్ బండలు బయట గాలి తగిలే చోట, చేతులు కడిగే కుళాయిలు. తర్వాత బయటికి తెరుచుకునే రెండో తలుపు, ఏదైనా అయితే జనం తొక్కుకోకుండా బయటపడటానికి.

హాలు అద్దె వస్తుంది కాబట్టి దానికి వేరే ఖాతా ఉంచాలి. అందులోంచి కొంత భాగం హాలు మరమ్మతుకే తీసి పెట్టాలి. ఎవరికి ఇవ్వాలి, ఎంత తీసుకోవాలి, పేద కుటుంబం పెళ్లికి ఎంత తగ్గించాలి అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించాలి. ఒకరికి ఉచితంగా, ఒకరికి పూర్తి అద్దెకు ఇచ్చారన్న మాట ఒకసారి పుట్టిందంటే కట్టడం కన్నా ముందు మనుషులు విడిపోతారు.

తెలుగు విచారణ అంటే ఒక్క గుడి కాదన్నది కూడా మర్చిపోకూడదు. ప్రధాన కేంద్రం చుట్టూ ఊరూరా చిన్న గుళ్లుంటాయి, నెలకో రెండు నెలలకో ఫాదర్ గారు వెళ్తారు. చాలావాటికి రేకుల కప్పే. తుపాను గాలి కప్పును చూరు దగ్గర పట్టి పైకి లేపుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఆ బలం ఎలాంటిదో ఉత్తరాంధ్ర అంతా చూసింది. చూరు వెంబడి హుక్కులు దగ్గరదగ్గరగా బిగించి, అడ్డ పట్టీలు వేస్తే తక్కువ ఖర్చులో కప్పు నిలుస్తుంది. పాత ఆస్‌బెస్టాస్ రేకులు తీసేటప్పుడు విరగ్గొట్టకుండా, తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. ప్రధాన కేంద్రంలో ఒక గోపురం కట్టే ఖర్చుతో ఇలాంటి కప్పులు ఎన్ని బాగవుతాయో లెక్క వేసి, ఆ లెక్క ఉప కేంద్రాల పెద్దల ముందే మాట్లాడాలి.

డబ్బు ఎక్కడిది, లెక్క ఎవరికి

మా విచారణలో చాలామంది వ్యవసాయ కూలీలు. కోతల తర్వాత చేతిలో నాలుగు డబ్బులుంటాయి, ఆషాఢంలో ఉండవు. ధాన్యం తెచ్చి పీఠం ముందు పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇలాంటి చోట ఒకేసారి ఇంటికి 5,000 అని వేస్తే అప్పు చేసి ఇస్తారు. ఇవ్వలేనివాళ్లు సిగ్గుతో పూజకే రావడం మానేస్తారు. గుడి బాగుపడి జనం దూరమైతే ఏం లాభం? 200 కుటుంబాలు నెలకు 50 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 1,20,000 అవుతుంది. దానికి "కట్టడం నిధి" అని పేరు పెట్టి వేరే ఖాతాలో ఉంచితే, తూములు, వైరింగు, చిన్న పగుళ్లు ఎవరినీ అడగకుండా నడుస్తాయి. డబ్బు ఇవ్వలేని ఇల్లు ఒక రోజు పని ఇవ్వవచ్చు, అది కూడా అదే పుస్తకంలో రాయాలి.

విదేశాల్లో ఉన్న మన పిల్లల కానుకల దగ్గర జాగ్రత్త అవసరం. దుబాయ్‌లోనో, కువైట్‌లోనో, డాలస్‌లోనో పనిచేస్తూ భారత పాస్‌పోర్టుతోనే ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి. 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే ముందు రావాలి, అక్కడి నుంచి ఇంకో సంస్థకు బదలాయించడం కుదరదు. మన ఊరి అబ్బాయే కదా అని విచారణ మామూలు ఖాతాలో వేయించుకుంటే రేపు ఇబ్బంది పడేది మేత్రాసనం మొత్తం. పంపేముందు ఏ పాస్‌పోర్టు అని అడగడంలో తప్పేమీ లేదు.

లెక్క మాట చివరగా చెబుతున్నా కానీ, నా మనసులో అన్నిటికన్నా ముందున్నది అదే. ఏడాదికోసారి మేత్రాసనానికి లెక్క పంపాలని శ్రీసభ చట్టం చెబుతుంది. దాంతో ఆగలేదు. విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు విశ్వాసులకూ లెక్క చెప్పాలని 1287వ నిబంధనలో ఉంది. ఒక కాంట్రాక్టరు మా హాలు పనిలో బిల్లులు లేకుండా అడ్వాన్సులు తీసుకుని, పని సగంలో వదిలేసి వెళ్లినప్పుడు మాకు ఆ విలువ తెలిసొచ్చింది. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, జనంలోనూ మాలో మాకూ అనుమానాలు పుట్టడం ఇంకో ఎత్తు. రెండు మూడు కొటేషన్లు తీసుకుని, పని అయినంతవరకే చెక్కు రాసి, చివరి వాయిదా ఒక వానాకాలం గడిచాక ఇవ్వాలని అప్పటినుంచి రాసుకున్నాం.

స్లాబు పని ఆ తర్వాతి మే నెలలో అయింది. పెచ్చులు కొట్టి, చువ్వలు గీకి, తూములు నాలుగు చేసి, పైన వాలు సరిచేసి తెల్ల పూత వేశారు. ఖర్చు గ్రానైటుకు అయినదానికన్నా తక్కువే. పూజా వస్త్రాల గదిలో ఇప్పుడొక పుస్తకం ఉంటుంది. ఎప్పుడు ఏ రిపేరు, ఎవరు చేశారు, ఎంత అయింది, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నీ అందులో రాస్తాం. ఫాదర్ గారు మారినప్పుడు తాళాలతో పాటు ఆ పుస్తకాన్నీ కొత్త ఫాదర్ గారి చేతికి ఇస్తాం. అందులో ఈ జూన్ పేజీ మీద యూత్ పిల్లల చేతిరాతలో ఒక వాక్యం ఉంది: "తూములు నాలుగూ శుభ్రం చేశాం, గోపురం ఉత్తరం వైపు రావి మొక్క తీశాం, ఆడవాళ్ల మరుగుదొడ్డి గడియ మార్చాలి."